చావుబొమ్మలు

నటుడు తకినోజో ఇంకా చావలేదు. అతను పోయాక కాగితం మీద అచ్చువేసి అభిమానులకు అమ్మే చావుబొమ్మను మాత్రం కొట్టు యజమాని కిహేయి అప్పుడే చెక్కదిమ్మ మీద చెక్కిస్తున్నాడు.

ఎదో అనే ఆ మహానగరంలో పేరున్న నటుడు పోతే బొమ్మల కొట్లకు పండగే. అందరికంటే ముందు అతని బొమ్మ వేలాడదీసినవాడిదే బేరం. అందుకే తకినోజో భార్య ఒసుగి, కిహేయి కొట్టు వెనక గదిలోకి వచ్చి, "అన్నగారూ, ఆయన రక్తం కక్కుతున్నారు. ఎవరికీ చెప్పొద్దంటున్నారు. పున్నమి గడవదన్నాడు వైద్యుడు" అని కళ్లొత్తుకుంటే, కిహేయి పైకి అయ్యో అన్నాడు గానీ లోపల నోరూరింది. ఏ వైద్యుడని కూడా అడగలేదు.

"నిన్న కూడా రంగస్థలం మీద గంతులేశాడే ఆయన?" అన్నాడు దిమ్మలు చెక్కే పనివాడు గెంపాచి. "పైగా ఇది నిరుడు పోయినాయన కోసం చెక్కిన దిమ్మ. మొహం కలవదయ్యా."

"ముక్కు మార్చు, చాలు. ఏడ్చేవాళ్లు ముక్కులు చూస్తారా?"

"పోయిన తేదీ ఖాళీగా ఉంచనా?"

"ఉంచితే నువ్వు చెక్కేలోపు పక్క కొట్టువాడు అమ్ముకుని, తిని, కునుకు కూడా తీస్తాడు. పున్నమి అని చెక్కెయ్!"

కిహేయికి తెలిసిన కళ అంతే. తండ్రి హయాంలో ఒక్కో బొమ్మకు ఎన్నో రంగులద్దిన కొట్టు అది. ఇతను చవక నీలంతో, పల్చటి కాగితంతో సరిపెట్టాడు. ఉన్నదంతా ఊడ్చి ఆ కాగితంలోనే పోశాడు.

పున్నమి పొద్దున తకినోజో ఎప్పటిలాగే నాటకశాలకు వెళ్లాడు. కిహేయి కొట్టు గుమ్మంలో పచార్లు చేశాడు. ఈ మనిషి చావకపోతే తను మునిగినట్టే. మధ్యాహ్నం అలంకారాల గదిలో టీ తాగుతూ తకినోజో కుప్పకూలి చనిపోయాడని కబురొచ్చింది. కిహేయి సిగ్గులేకుండా బుద్ధుడికి దండం పెట్టి, బొమ్మలు బయటికి తీశాడు. జనం ఏడుస్తూ ఎగబడ్డారు.

పొద్దు వాలేసరికి భటులతో అధికారి వచ్చాడు.

"టీలో విషం కలిపారు. ఆయన పోయిన గడియకే నీ కొట్లో బొమ్మలు, వాటిమీద ఇవాళ్టి తేదీ. నీకు ముందే ఎలా తెలిసిందయ్యా?"

కిహేయి రెండు చేతులూ జోడించాడు. "నాకేం తెలుసు బాబూ! ఆయన భార్యే వచ్చి చెప్పింది. కావాలంటే ఒసుగిని పిలిచి అడగండి!"

"పిలవక్కర్లేదు," అన్నాడు అధికారి. "నీ కొట్లో మొట్టమొదటి బొమ్మ కొని, ఏడుస్తూ మా దగ్గరికి తెచ్చింది ఆవిడే."