పగలని గుమ్మడికాయ

యామిని కుడికాలు ఎత్తింది. గడప దాటితే కథ అయిపోతుంది.

“కట్,” అన్నాడు జయకృష్ణ.

ఉద్దానంలో జీడితోట మధ్య వేసిన సెట్ అది. రెండు గోడలు, ఒక గడప. మూలన బూడిద గుమ్మడికాయ. ఆఖరి షాటు అయ్యాక కొట్టడానికి తెచ్చారు. ఇప్పుడు దాని అడుగు మెత్తబడి నీరు కారుతోంది.

“తెచ్చిన కాయ కొట్టకుండా కుళ్లబెడితే మనిషిని పట్టుకుపోతుందంటారు సార్,” అన్నాడు కెమెరామన్ మన్మథరావు.

కొడితే ఎవరు పోతారో జయకృష్ణకి తెలుసు.

పెద్దతల్లి అతని అప్ప, సొంత అక్క. అమ్మ పోయాక పెంచింది. తన వాటా తోట అమ్మి అతన్ని సీరియళ్లు తీసేవాణ్ణి చేసింది. ఇప్పుడు కిడ్నీలు పాడై పలాసలో డయాలసిస్ చేయించుకుంటోంది. అక్కడున్నంతసేపూ గోడమీది టీవీ చూస్తూ పడుకుంటుంది. ఒకరోజు ఇక రానని మొండికేసింది. అతను బతిమాలితే ఒక్క మాటే అంది.

“నీ సీరియల్లో ఆ కోడలు ఇంటికొచ్చీదాకా ఉంటానురా. తరవాత నన్నాపకు.”

అందుకే కోడలు ఇల్లు చేరదు. ఓసారి వాన అడ్డొచ్చింది. ఓసారి పాము. ఇక తన వల్ల కాదని, ఈ వారమే ఆఖరని కోడలి వేషం వేసే యామిని చెప్పేసింది.

మర్నాడు రాత్రి ఏడింటికి అప్ప ఇంట్లో టీవీ పెట్టాడు. రిమోట్, పెన్‌డ్రైవ్ ఎప్పుడూ అతని చేతిలోనే ఉంటాయి. తెరమీద కోడలి కాలు గాల్లో ఆగిపోయింది. పెద్దతల్లి నవ్వింది.

“రేపొచ్చెత్తాదేటిరా?”

“రేపు సూడప్పా.”

ఫోన్ మోగింది. మన్మథరావు. కాయ దానంతటదే పగిలిందట.

జయకృష్ణ గుమ్మం బయటికి వెళ్లి, చీకట్లో వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. పెద్దతల్లి కాసేపు ఆ వీపునే చూసింది. తమ్ముడి కంచంలో పెద్ద చేపముక్క వెయ్యమని పక్కింటి సరోజినికి చెప్పింది.

సరోజిని ఆమె వాచిన కాళ్ల మీద దుప్పటి సర్దింది. “ఇంత బాధ పడి ఎందుకొదినా? ఇక సాలనేయకూడదా?”

పెద్దతల్లి గొంతు తగ్గించింది.

“పలాస ఆస్పత్రి టీవీలో ఇది ఆగిపోయి ఏడాదైపోనాదే సరోజినీ, నాను పోతే ఆడింక ఎవుల కోసం తీత్తాడు?”