లింకు లేని నోటు

“వినోదా, మైక్ ఆన్ చెయ్యి. పాఠం పక్కన ‘అబద్ధం’ అని రాసింది నువ్వేనా?”

“నేనే మేడం.”

“లింకు ఏది?”

కరీంనగర్‌లో రమ మేడం ఆన్‌లైన్ క్లాసంటే డిగ్రీ పిల్లలకు హడల్. ఆమె పాఠాన్ని వెబ్‌పేజీగా పెడుతుంది. పిల్లలు ఒక వాక్యానికి పసుపు రంగు పూసి, పక్కన మార్జిన్‌లో తమ మాట రాయాలి. కింద ఆధారం లింకు ఇవ్వాలి. ఆరేళ్లుగా ఒకటే పాఠం, ముప్పై రెండేళ్ల కిందటి పేపరు వార్త. ఆ తర్వాత మూతపడ్డ ఒక బొగ్గుగనిలో కప్పు కూలి ముగ్గురు చనిపోయారు. కూలీల కంటే ముందు లోపలికెళ్లి, కట్టెతో తట్టి కప్పు పరీక్షించేవాడు సర్దార్. చనిపోయిన ముగ్గురిలో అతనూ ఒకడు.

వినోద రంగు పూసిన వాక్యం ఇది: ‘కప్పును పరీక్షించని సర్దార్ భూమన్న నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణం.’

“మా మందమర్రి గని కాలనీల అందరికీ ఎరుకే మేడం. ఆయన కట్టెతోని కొట్టి చూసిండట. కప్పు బాగలేదని మీదికి చెప్పిండట.”

“అట, అట. ‘అట’కు లింకు ఉంటదా?” రమ బల్ల మీద కట్టెతో ఠక్కున కొట్టింది. ఇనుప పొన్ను ఉన్న విరిగిన పాత కట్టె అది. గోల చేసేవాళ్లను బెదిరించడానికే ఉంచుకుందని పిల్లల నమ్మకం. “బజారు ముచ్చట్లు నా మార్జిన్ల రాస్తే ఊకోను. రేపు ఆధారం తేవాలె. లేకుంటే ఇంటర్నల్ మార్కులు సున్నా.”

సున్నా వస్తే వినోదకు ఏడాది పోయినట్టే. సారీ చెప్పి మార్జిన్‌లోని ఆ నోటు తీసెయ్యమని తోటి విద్యార్థి ప్రణయ్ మెసేజ్ పెట్టాడు. ఆమెకు ఒళ్లు మండింది. నోటు తీయకపోగా ‘పచ్చి అబద్ధం’ అని దిద్దింది.

మర్నాడు ఆమె పక్కన కెమెరా ముందు ఒక ముసలాయన కూర్చున్నాడు.

“లింకు లేదు మేడం. మా తాత హనుమండ్లు ఉన్నడు. గా దినం గదే షిఫ్టు.”

రమ రికార్డు బటన్ నొక్కింది. “చెప్పుండ్రి.”

“భూమన్న కట్టెతోని కొట్టిండు. బోలుగ మోగింది. మమ్ముల ఆపి పైకి ఫోన్ చేసిండు. ఆఫీసర్లు పని ఆపొద్దన్నరు. కప్పుకు కర్రలు ఆనిచ్చినంక రాండ్రని, ఇద్దర్ని తీస్కొని తానే ముంగట పోయిండు. నా కండ్ల ముందటనే కూలింది.”

“విచారణల ఎందుకు చెప్పలే?” రమ గొంతు లేచింది.

“చెప్పిన. రాసుకోలే. వేరే కాయిదం మీద వేలుముద్ర ఎయ్యమన్నరు. నౌకరి పోతదని ఏసిన.”

“ముప్పై రెండేండ్లు నోరు మూసుకున్నరా?”

హనుమండ్లుకు రోషం పొడుచుకొచ్చింది. “మేం భయపడ్డం, తప్పే. నువ్వు చదువుకున్నదానివి. సచ్చినోని పేరు ఏడాదికోసారి పిల్లల ముంగట బద్నాం చేస్తున్నవు. నిజం రాసిన పిల్లకు సున్నా ఏస్తనంటవు. ఎందుకమ్మా నీకు గింత పంతం?”

రమ రికార్డు ఆపి, ఆ వీడియో లింకును వినోద నోటు కింద అతికించింది. ఆ వాక్యాన్ని కాదనే ఆధారం ఆరేళ్లలో ఇదే మొదటిది. మార్కుల గడిలో ఇరవైకి ఇరవై వేసింది.

“ఎందుకని అడిగిన,” అన్నాడు హనుమండ్లు.

ఆమె విరిగిన కట్టెను రెండు చేతులా పట్టుకుని కెమెరా ముందుకు ఎత్తింది.

“భూమన్న మా బాపు.”