మరక లేని కిటికీ

యజమాని పది గంటలకు వస్తారు. ఈలోగా కావలసిన పనులు ఏడు. రంపపు పొట్టు ఊడవాలి. కీళ్లకు నూనె వేయాలి. చెడిపోయిన పాత నమూనాలు రెండూ బీరువా వెనక దాచాలి. కొక్కేల మరలు బిగించాలి. రంగు ఆరాక అద్దం పెట్టి, చుట్టూ రబ్బరు దూర్చాలి. పిన్నికి ఉతికిన గుడ్డ ఇచ్చి, నోరు మెదపొద్దని చెప్పాలి. తల దువ్వుకోవాలి.

ఈ చీటీ రాసుకున్నవాణ్ణి కిటికీల కార్ఖానాలో అందరూ ‘డిగ్రీ’ అంటారు. వాళ్ల వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. అందుకే ఏ పనైనా పరీక్ష రాసినట్టే చేస్తాడు. తేలికైనవి ముందు, కష్టమైనవి ఆఖర్న. చీటీ చూసి ముందు తల దువ్వుకున్నాడు.

కార్ఖానాలో ఊడ్చేదీ తుడిచేదీ పిన్ని. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పిన్నే. పైనున్న మూడో అంతస్తు కిటికీలు తుడవాలంటే గట్టు మీద కూర్చోవాలి. కాళ్లు గదిలో, ఒళ్లు గాల్లో. కిందటేడు ఒకరోజు చెప్పు జారి కింద పడింది. చెప్పు ఒక్కటే పడింది కాబట్టి సరిపోయింది.

“చదువుకున్నవాడివి కదా బాబూ, ఒక్క మాట చెప్పు,” అంది ఆ రోజు. “ఈ కిటికీ చేసినాయన నన్ను మనిషిననుకున్నాడా, గబ్బిలాన్ననుకున్నాడా?”

ఆ మాట డిగ్రీకి నిద్ర పట్టనివ్వలేదు. ఏడాది తిరిగేసరికి లోపలికి వాలే కిటికీ రెక్క గీశాడు. కాస్త వాలిస్తే పైనుంచి గాలి వస్తుంది. కొక్కేలు నొక్కి ఇంకాస్త వాలిస్తే బయటి ముఖం గదిలోకే వచ్చేస్తుంది. నేల మీద నిలబడి తుడుచుకోవచ్చు.

మొదటి నమూనా యజమాని కాలి బొటనవేలి మీద పడింది. రెండోది సగం వాలి, ఇద్దరు మనుషులు వేలాడినా కదల్లేదు.

“మూడోది కూడా ఇంతే అయితే నువ్వూ నీ డిగ్రీ ఇంటికి,” అన్నారు యజమాని. “పై అంతస్తుకి పాత రకం కిటికీలే.”

అంటే పిన్ని మళ్లీ గబ్బిలమే.

తొమ్మిదీ ఇరవైకే కారు హారన్ వినిపించింది.  డిగ్రీ చీటీ జేబులో కుక్కి, వాకిట్లోకి పరిగెత్తాడు.

యజమాని లోపలికొస్తూనే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నారు. అది ఆయన అలవాటు. పనులు కళ్లతో కాదు, అనుభవంతో చూస్తానంటారు.

“ఏదీ, కానియ్.”

డిగ్రీ రెక్కను వాల్చాడు. అతని కళ్లు కీళ్ల మీదే ఉన్నాయి.  రెక్క మెత్తగా వాలి, చెప్పిన చోట ఆగింది.

“అబ్బో, ఒక్క వేలికే వచ్చేసిందే! ఇంత తేలికా?” అన్నారు యజమాని. “గాలి కూడా భలే వస్తోంది. సరే, తుడవడం చూపించు.”

పిన్ని ముందుకొచ్చింది. ఒక్క క్షణం కిటికీ వైపు చూసింది. డిగ్రీ వైపు చూసింది. పక్కనున్న నీళ్ల బకెట్టును కాలితో అవతలికి నెట్టింది.

“నీళ్లెందుకండీ, దీనికి పొడిగుడ్డ చాలు,” అంది.

నోరు మెదపొద్దన్నా మెదిపింది. 

పిన్ని గుడ్డను పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. ఈ మూల నుంచి ఆ మూలకు, పైనుంచి కిందికి చెయ్యి ఆడించింది. మధ్యలో ఆగి, ‘హా’ అని ఊది, అక్కడే మళ్లీ నాలుగుసార్లు ఆడించింది. పక్కకు జరిగి చూసి తృప్తిగా తలూపింది.

“ఒక్క మరక లేదు!” అంటూ యజమాని వేలు చాపారు.

“ఆగండయ్యా!” పిన్ని అరిచిన అరుపుకి ఆయన ఉలిక్కిపడ్డారు. “ఇప్పుడేగా తుడిచింది! మీ వేలిముద్రలు పడితే మళ్లీ తుడిచేది నేనా, మీరా?”

యజమాని తప్పు చేసిన పిల్లాడిలా చెయ్యి జేబులో పెట్టుకున్నారు. డిగ్రీ తన ఉద్యోగానికి మనసులోనే దండం పెట్టేసుకున్నాడు. ఆ కంగారులోనే రెక్కను పైకెత్తి మూశాడు.

“మొన్నటిది వాలుస్తుంటేనే గలగలమంది. ఇది చప్పుడే లేదు,” అన్నారు యజమాని. “మూశాక కూడా గది చల్లగానే ఉంది. శభాష్! పై అంతస్తు కిటికీలన్నీ మార్పించెయ్. రేపే మొదలుపెట్టు.”

కారు వెళ్లిపోయింది. డిగ్రీ స్టూలు మీద కూలబడ్డాడు.

“నోరు మెదపొద్దని చెప్పాను కదా పిన్నీ! ఆయన మీద అరుస్తావా?”

“అది తర్వాత. ముందు ఇది చెప్పు. రేపు పైన బిగిస్తే నీ కిటికీ నిజంగా నిలబడుతుందా?”

“నిలబడుతుంది. నిన్న రంగు వేయక ముందు నలభైసార్లు వాల్చి చూశాను. అన్నీ పెట్టే చూశాను.”

“నామీద ఒట్టు?”

“నీమీద ఒట్టు.”

“అయితే పాపం లేదులే,” అని పిన్ని గుడ్డ దులిపింది. మడిచిన మడతలు ఇంకా అలాగే ఉన్నాయి. “ఆ చీటీ తియ్యి. టిక్కులెన్ని?”

డిగ్రీ లెక్కపెట్టాడు. “ఆరు.”

“పనులెన్ని?”

డిగ్రీ చీటీ వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. 

“లెక్కపెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు నాయనా,” అంది పిన్ని.

ఇకమీదట ఎక్కడైనా లోపలికి వాలే కిటికీ కనిపిస్తే, అసలు అద్దం వెనక గదిలో గోనెపట్టా చుట్టుకుని పడుకుని ఉండగా, లేని అద్దాన్ని అంచు నుంచి అంచుకు అంత శ్రద్ధగా తుడిచిన ఆ పిన్నిని ఒక్కసారి తలుచుకోండి.