ఇరవైనాలుగు గ్లాసులు

"దినమూ నీళ్లు పోసినావా బావా?"

అత్తిమంజేరిపేటలో అక్క పురుటికి పోయి, పన్నెండు దినాలకు తిరుత్తణి ఇంటికొచ్చిన దేవసేన సంచి కింద పెట్టకుండానే మొగుణ్ని అడిగింది. కిటికీలోని క్రోటన్ మొక్క ఆకులన్నీ వేలాడేసి ఉంది.

"పోసినానే. నువ్వు చెప్పినట్టే దినానికి రెండు గ్లాసులు," అన్నాడు సుదర్శనం, మంచం మీంచి లేవకుండానే.

కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఎండాకాలం. అందుకే పోయేముందు రెండు పన్నెండ్లు ఇరవైనాలుగని లెక్కేసి, అన్ని గ్లాసుల నీళ్లూ బిందెలో కొలిచి మూతపెట్టి పోయింది. ఇప్పుడా నీళ్లను గ్లాసుతో తోడి బకెట్లో పోస్తూ లెక్కపెట్టింది. పదహారు మిగిలాయి.

"నువ్వు పోసింది నాలుగు దినాలే. మిగతా ఎనిమిది దినాలూ యాడున్నావు?"

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. దేవసేన గ్లాసు కింద పెట్టి మంచం దగ్గరికొచ్చింది.

"ఎవురు బావా ఆమె?"

సుదర్శనం నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గయింది, ఎంతకీ ఆగలేదు. తువ్వాలుతో నోరు మూసుకుంటుంటే చొక్కా చెయ్యి పైకి జరిగి, మోచేతి మడతలో సూది గుచ్చిన నల్లటి మచ్చలు వరసగా కనబడ్డాయి.

"మద్రాసు ఆస్పత్రిలో పెట్టుకున్నారు. నువ్వు భయపడతావని చెప్పలేదు. సోమవారం మళ్లీ రమ్మన్నారు."

"ఈసారి ఎన్ని దినాలు?"

"అడిగినాను. డాక్టరు తల వంచుకున్నాడు."

దేవసేన అతని పక్కన కూలబడింది. ఎవతో ఒకతె ఉందన్నా బాగుండునే అనిపించింది ఆమెకు.