హెల్మెట్ ఇవ్వని మనిషి

కోల్బీ హ్యాచర్ లేచి, మోకాళ్ళకంటిన గడ్డి దులుపుకుని, నేరుగా వెళ్ళి అవతలి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు.

స్టేడియమంతా గొల్లున నవ్వింది.

"ఏరా కోల్బీ, పార్టీ మార్చేశావా?" అని ఎవరో అరిచారు.

ఆ బెంచీ మీది పచ్చ చొక్కాల కుర్రాళ్ళే అతని భుజం పట్టుకుని ఇవతలికి పంపించారు.

టాల్మడ్జ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కోల్బీయే క్వార్టర్‌బ్యాక్. బంతి విసరాల్సింది అతనే. అంతకు నిమిషం ముందే ఇద్దరు భారీ కుర్రాళ్ళు అతన్ని ఎత్తి నేలకేసి కొట్టారు.

ఏటా ఒక్కసారి జరిగే కప్పు ఆట, క్యాట్‌ఫిష్ బౌల్ ఆడమని ఆ కాలేజీకి పిలుపు రావడం నలభై ఏళ్ళలో అదే మొదటిసారి. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఇంకా మూడు నిమిషాలుంది.

జట్టు డాక్టరు కోల్బీ ముఖం ముందు వేళ్ళు ఆడించాడు.

"ఎన్ని?"

"రెండు."

"భేష్! దిగు."

అడిగినంతసేపూ ఆ మహానుభావుడి చూపు గడియారం మీదే ఉంది.

"వీడి హెల్మెట్ ఏది?" అన్నాడు కోచ్ ప్రూయిట్.

అది నీళ్ళు అందించే ముసలాయన చేతిలో ఉంది. ఆ ఒక్క రోజు పనికి స్టేడియం వాళ్ళు పెట్టిన మనిషి. పొద్దుటినుంచీ ఆయన ఇచ్చిన నీళ్ళు తాగారే గానీ, పేరేమిటని ఒక్కరూ అడగలేదు.

"ఇటివ్వు తాతా."

"ఇవ్వను సార్."

"ఏంటీ?"

"కుర్రాడి తలకి తగిలింది. తన బెంచీ ఏదో కూడా తెలీట్లేదు వాడికి. ఇవాళ్టికి చాలు."

"ఆట గురించి నీకేం తెలుసయ్యా? నీళ్ళు మోసేవాడివి నీళ్ళు మోసుకో!"

కోల్బీ కూడా చెయ్యి చాచాడు. "ఇచ్చేయండి సార్, ప్లీజ్. మా నాన్న చూస్తున్నాడు."

ముసలాయన ఒక్క క్షణం తటపటాయించాడు. మరుక్షణం హెల్మెట్ కడుపుకు అదుముకుని, మెట్ల కిందనున్న సామాన్ల గదిలోకి పరిగెత్తి లోపల గడియ పెట్టుకున్నాడు.

తలుపు బాదారు. తన్నారు. తియ్యలేదు.

కోల్బీ తలకు కొలత తీసి అమర్చిన హెల్మెట్ అది. ఇంకొకరిది పట్టలేదు. పట్టేది వెతికేలోగా, బదులుగా దిగిన కుర్రాడు బంతి జారవిడిచాడు. పచ్చ చొక్కాలు దాని మీద పడ్డాయి.

కప్పు పోయింది.

తలుపు విరగ్గొట్టి ఆయన్ని బయటికి ఈడ్చుకొస్తుంటే ముప్పై వేల మంది లేచి నిలబడ్డారు. మంచు ముక్కలు, కోక్ గ్లాసులు, సగం తిన్న సాసేజీలు ఆయన మీద కురిశాయి. ఆయన మాత్రం హెల్మెట్ వదల్లేదు. ఇద్దరు కాపలావాళ్ళు వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి లాక్కున్నారు.

కోల్బీ తండ్రి రాయిస్ కంచె దూకి వచ్చాడు. దుంగల లారీ నడిపే చెయ్యి. ఒక్క గుద్దుకే ముసలాయన పెదవి చిట్లింది.

"నా కొడుకు బతుకు నాశనం చేశావు కదరా!"

ముసలాయన రక్తం తుడుచుకున్నాడు.

"వాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వకు నాయనా. ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళు."

"ముందు నిన్ను పంపిస్తా ఆసుపత్రికి!"

జనం చప్పట్లు కొట్టారు. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులూ కొట్టారు. కుర్రాడు దారి తప్పి శత్రువుల పక్కన కూర్చున్నాడే, ఎందుకు కూర్చున్నాడని అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. సిగ్గుండాలి.

కోల్బీని తన బండిలోనే ఎక్కించుకుని రాయిస్ ఇంటికి, జార్జియా దారి పట్టాడు. దారి పొడుగునా ముసలాయన్ని తిడుతూనే ఉన్నాడు. గంట గడిచాక కోల్బీ వాంతి చేసుకున్నాడు.

"నాన్నా, ఆటకి టైమవుతోందా? మనం ఎప్పుడు చేరతాం?"

రాయిస్ బండి వెనక్కి తిప్పాడు.

ఆసుపత్రిలో సర్జనమ్మ బయటికొచ్చి మాస్కు దించింది.

"పుర్రె లోపల రక్తం గడ్డకట్టింది. తీసేశాం. బతుకుతాడు."

"ఇంకో దెబ్బ తగిలుంటే?"

"ఈ మాట చెప్పడానికి నేను మీ ముందుకి రాలేకపోయేదాన్ని. ఇంతకీ వాణ్ణి మైదానంలోంచి తప్పించింది ఎవరు? మీ జట్టు డాక్టరేనా?"

"కాదమ్మా. నీళ్ళిచ్చే ముసలాయన," అన్నాడు రాయిస్.

మర్నాడు పొద్దున్నే స్టేడియం ఆఫీసుకు పరిగెత్తాడు. ఆఫీసు చూసుకునే మిస్ వర్నెల్ ఒక్కతే జెండాలు మడతపెడుతోంది.

"నిన్న హెల్మెట్ పట్టుకుపోయినాయన ఎక్కడుంటాడమ్మా?"

ఆవిడ అతని ముఖం గుర్తుపట్టింది.

"ఏం, ఇంకా కొట్టాలా?"

"లేదమ్మా. కాళ్ళు పట్టుకోవాలి."

"ఆలస్యమైంది. పాస్ లాక్కుని గెంటేశారు. మళ్ళీ ఈ గేటు దాటనివ్వరట. ఏ ఊరో నాకూ తెలీదు. ఇరవై ఏళ్ళుగా ఏటా ఈ ఒక్క ఆటకి బస్సు దిగేవాడు. జీతం వద్దు, కుర్రాళ్ళ హెల్మెట్ల దగ్గర నిలబడనివ్వండి చాలు అనేవాడు. చెబితే వినే మొహాలా మీవి?"

"ఎవరమ్మా ఆయన?"

మిస్ వర్నెల్ గోడ వైపు చూపించింది. గెలిచిన జట్ల ఫొటోలు వరసగా ఉన్నాయి. రంగు వెలిసిన ఒక ఫొటోలో, కుర్రాళ్ళ భుజాల మీద కూర్చుని, కప్పు నెత్తిన పెట్టుకుని నోరారా నవ్వుతున్నాడు ఓ నడివయసు మనిషి. కింద 'కోచ్ లైల్ ఆర్సెనో' అని ఉంది.

రాయిస్ దగ్గరికెళ్ళి చూశాడు. నిన్నటి ముసలాయన కళ్ళే.

"ఆయన్ని కుడి భుజం మీద మోస్తున్నాడు చూడండి, ఆ కుర్రాడికీ తలకే తగిలింది," అంది మిస్ వర్నెల్. "ఈయనే తన చేత్తో హెల్మెట్ పెట్టి మళ్ళీ దింపాడు. గెలిచి తిరిగెళ్తుంటే బస్సులో, ఈయన పక్క సీట్లోనే, ఆ కుర్రాడు నిద్రలో పోయాడు."