ఉలిగమ్మ కనిపెట్టిన లోపం

పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో ఉలిగమ్మ పని చేసి జీతం తీసుకుంటూనే ఇంజినీరింగ్ డిగ్రీ చదువుతోంది. రోబోలను నడిపించే కంట్రోల్ సిస్టమే అక్కడ మేనేజరు, ఆమెకు గురువు కూడా. పరీక్షలన్నీ పాసయింది. ఇక కార్లు తయారయ్యే లైన్లో ఒక లోపం కనిపెట్టి సరిచేస్తే చాలు, పట్టా చేతికొస్తుంది. చిక్కేమిటంటే, ఆ లైన్లో ఏళ్ల తరబడి ఏ లోపమూ రాలేదు. ఆమెకంటే ముందు చేరినవాళ్లు జుట్టు నెరిసినా ఇంకా విద్యార్థులే.

"ఒక్క తప్పు చేయండి సార్, సిన్నదైనా సాలు," అని బతిమాలింది.

"తప్పు చేయడం నాకెవరూ నేర్పలేదమ్మా. ఓపిక పట్టు," అంది సిస్టమ్ ఆప్యాయంగా.

ఆ మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "ఇంకా ఎన్నాళ్లే ఈ సదువు? నీ తమ్ముని కూతురు గూడా బడికి పోతాంది!"

ఉలిగమ్మకు ఒళ్లు మండింది. ఫోన్ పెట్టేసి, గోడకున్న ఎర్ర బటన్‌ను అరచేత్తో గుద్దింది. రోబోల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నెరిసిన విద్యార్థులు నోళ్లు తెరిచి చూశారు.

"లైన్ ఎందుకు ఆగింది?" సిస్టమ్ గొంతు మొదటిసారి తడబడింది.

"నేనే ఆపినా. ఇప్పుడన్నా లోపం దొరికినట్టే గదా సార్?"

"దొరికింది," అని సిస్టమ్ ఒప్పుకుంది. అప్పటికప్పుడే పట్టా ఇచ్చి ఆమెను గౌరవంగా సాగనంపింది. ఆమె వెనక గేటు పడగానే మైకులో ప్రకటన వినిపించింది.

"లోపం పేరు ఉలిగమ్మ. సరిచేశాం. లైన్ మళ్లీ నడుస్తోంది."

ఆ మాట పూర్తి కాకముందే ఎర్ర బటన్ దగ్గర నెరిసిన విద్యార్థులు తోసుకుంటూ క్యూ కట్టారు.