కనుమ కింద

చనుబాలు మంచులోకి పిండేశాను. కట్టెల కొట్టు వెనక, గాలికి వీపు పెట్టి. తెలుపు మీద తెలుపు. ఏమీ కనపడలేదు.

తుఫానుకి మూడు రోజులుగా సత్రంలోనే చిక్కుకుపోయాం. ఆ పొద్దున గాలి ఆగింది. మధ్యాహ్నం మళ్ళీ మొదలవుతుందన్నారు.

సత్రం జెండాకర్ర పక్కన నిలబడితేనే ఫోను పలుకుతుంది. కింద లోయలో మా అత్తయ్య ఎత్తింది.

"నీ కొడుకు సీసాని మూతికి తగలనివ్వట్లేదే ఫ్రోనీ. చెంచాతో పోస్తే ఊసేస్తున్నాడు. ఇవాళైనా వస్తావా?"

"వచ్చేస్తా అత్తయ్యా."

వెనకాల కోర్బీ ఏడుపు వినపడింది. గొంతు బొంగురుపోయింది. పాలు చేపి నా చొక్కా తడిసిపోయింది.

వాడు పుట్టాక గైడుగా ఇదే నా మొదటి ప్రయాణం. ఒక సత్రం నుంచి ఇంకో సత్రానికి స్కీల మీద నలుగురిని తీసుకెళ్ళాలి. మిగిలింది ఒక్క కనుమ. అది దాటితే అవతల అంతా దిగుడే. సాయంత్రానికి ఇల్లు.

సత్రం నడిపే బుర్గి అక్క ఫ్లాస్కుల్లో వేడి టీ పోస్తూ నా మొహం చూసింది.

"బిడ్డ మీద ధ్యాస పెట్టుకుని కొండెక్కకే."

"మరెక్కడ పెట్టను?"

అక్క మూత బిగించి ఇచ్చింది.

కనుమ కింద వాలు నున్నగా, కొత్త దుప్పటి పరిచినట్టుంది. అంత నున్నగా ఉండటమే నాకు నచ్చలేదు. గాలి మోసుకొచ్చి పోసిన మంచు అది.

నాలుగడుగులు వేశానో లేదో, కాళ్ళ కింద ఏదో 'వుమ్' మని కుంగింది.

ఆగిపోయాను. చెయ్యెత్తి అందర్నీ ఆపాను. కర్ర గుచ్చి చూశాను. పైన గట్టిగా ఉంది. కింద బోలు. ఇలాంటి మంచు పలకలా విరిగి జారిందంటే మనుషుల్ని పూడ్చేస్తుంది.

"వెనక్కి," అన్నాను.

"వెనక్కా?" అన్నాడు పళ్ళ డాక్టరు ఆన్స్‌గర్. "ఆకాశం చూడు, గాజులా ఉంది!"

"నేను చూసేది ఆకాశాన్ని కాదు."

అందర్నీ వాలుకి దూరంగా ఉన్న బండ దగ్గరికి తెచ్చాను. అప్పటికే, మాతోపాటే సత్రంలో చిక్కుకున్న వెండెలిన్ తన గుంపుతో మా వెనకే వచ్చేశాడు. ఇరవయ్యేళ్ళుగా గైడు. నాకు తాళ్ళు ముడేయడం నేర్పిన మనిషి.

"ఏంటే, ఇక్కడ దుకాణం పెట్టావు?"

"కుంగింది వెండెలిన్. చప్పుడొచ్చింది."

అతనూ వెళ్ళి కర్ర గుచ్చి చూశాడు. కాసేపు తల గోక్కున్నాడు.

"ఒక్కొక్కరిగా, దూరం దూరంగా పంపితే మోస్తుంది. నా వెనకే రా."

"రాను."

"పిల్లాడు పుట్టాక వాలులన్నీ నిటారుగా కనపడుతున్నాయా?" నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు.

నేను కర్రకంటిన మంచు దులిపాను.

నిరుడైతే వెళ్ళేదాన్నా? తెలియదు. భయపడుతున్నది నేనా, నాలోని తల్లా? ఆ తల్లే కదా పొద్దుట్నుంచి దిగు దిగు అని తరుముతున్నది.

"ఆయన వెళ్తున్నాడుగా!" అన్నాడు డాక్టరు. "ఆయనకు లేని భయం మీకెందుకండీ?"

ఈ ఎత్తుకొచ్చాక ఇక్కడ ఎవరికీ 'మీరు' ఉండదు. డాక్టరైనా, మంత్రైనా 'నువ్వే'. మూడు రోజులూ నన్ను నువ్వనే పిలిచాడు.

"ఊరుకో ఆన్స్‌గర్," అంది అతని భార్య ఫ్రౌకె. కానీ ఆమె కళ్ళూ కనుమ మీదే ఉన్నాయి.

"నేను మిమ్మల్ని తీసుకెళ్ళను," అన్నాను. "అంతే."

వెండెలిన్ ముందు కదిలాడు. అతని మనుషులు ఒకరి తరవాత ఒకరు. చివర్న ఆకుపచ్చ టోపీ అమ్మాయి. నన్ను దాటుతూ ఆగింది.

"నిన్న ఫోటోలో చూశాగా, నీ బుడ్డోడికి భలే బుగ్గలు! కొరికెయ్యాలనిపించింది."

"జాగ్రత్తగా వెళ్ళు," అన్నాను. "ముందువాళ్ళు పూర్తిగా దాటేదాకా కదలకు."

మేం బండ దగ్గరే నిలబడి చూశాం. నున్నటి వాలు మీద సన్నటి గీత పైకి పాకుతోంది.

వెండెలిన్ దాటాడు. తరవాతి మనిషి దాటాడు. ఆ తరవాతి మనిషీ.

"చూశారా?" అన్నాడు డాక్టరు.

ఇప్పుడు వెళ్తే సాయంత్రానికి కోర్బీ నా ఒళ్ళో ఉంటాడు. గీత కూడా గీసి ఉంది. అందరూ నావైపే చూస్తున్నారు. నేను కదల్లేదు.

ఆకుపచ్చ టోపీ వాలు మధ్యకు చేరింది. ఊపిరి కోసం కాబోలు, ఆగింది.

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ చప్పుడు కోసం. ఇప్పుడొస్తే నేను చెప్పింది నిజమేనని వీళ్ళందరికీ తెలుస్తుంది.

ఫ్రౌకె నా భుజం మీద చెయ్యేసింది. "ఏమైంది? వణుకుతున్నావు."

"చలి."

టోపీ మళ్ళీ కదిలింది. ఒక అడుగు. ఇంకో అడుగు. కనుమ మీదికెక్కి, రెండు కర్రలూ గాల్లో ఊపింది.

డాక్టరు చప్పట్లు కొట్టాడు. ఫ్రౌకె కొట్టింది. మిగిలిన ఇద్దరూ కొట్టారు.

నేనూ కొట్టాను. అందరూ ఆపేశాక.